పాలకురికి సోమనాథుడు: గ్రంథము, గిరి, గోష్ఠి

శివతత్త్వమును తెలిసికొనుటకు మార్గము లెన్ని యని విచారించిన భక్తునికి మూడు మార్గములు సహజముగా స్ఫురించును. మొదటిది సద్గ్రంథ పఠనము. రెండవది కొండను, అడవిని, నదిని ఆశ్రయించి ఏకాంతమున ధ్యానించుట. మూడవది సాటి భక్తులతో కూడి జీవించుట. మొదటి మార్గమున నడచినవారిని లోకము పండితు లని గౌరవించును. రెండవ మార్గమున నడచినవారిని యోగు లని నమస్కరించును. మూడవ మార్గమును మాత్రము కొంత చులకనగా చూచును. నలుగురు చేరిన చోట సందడియే గాని తత్త్వ మెక్కడిది యని తలంచువారు ఏ కాలమునను గలరు. ఈ మూడు మార్గములను ఒక్క జీవితముననే నడచి, మొదటి రెండింటి ఫలమును మూడవదానికి సమర్పించిన మహనీయుడు పాలకురికి సోమనాథుడు. బసవేశ్వరుని చరిత్రను తెనుగువారికి తెనుగు పలుకుబడిలో అందించిన ఆ మహాకవి జీవితమును ఈ దృష్టితో స్మరించుట మనకు శ్రేయోదాయకము.

సోమనాథుడు కాకతీయుల కాలమువాడు. ఆయన జీవించిన సంవత్సరములను గూర్చి పరిశోధకులు రెండు పక్షములుగా నున్నారు. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున జనించి 13వ శతాబ్ది పూర్వార్ధమున జీవించె నని కొందరందురు. ప్రతాపరుద్రుడు ఓరుగల్లు రాజధానిగా పాలించిన 1289-1323 ప్రాంతమువాడని మరికొంద రందురు. ఏ పక్షము నంగీకరించినను ఒక్క విషయము స్పష్టము. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బసవేశ్వరుడు వెలిగించిన జ్యోతి అప్పటికి గ్రంథములలో నిక్షిప్తమైన పూర్వకథ కాలేదు. భక్తుల నాలుకల మీద సజీవముగా నుండెను. సోమనాథుడు ఆ జ్యోతిని వారి నోటినుండియే గ్రహించెను.

ఆయన ఊరు పాలకురికి. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తియే ఆ గ్రామ మని పెక్కుమంది విశ్వాసము. అచట కొండ కలదు. కొండ మీద సోమేశ్వరస్వామి వెలసియున్నాడు. స్వామి నామమును కవి నామమును ఒక్కటియే. తరువాతి కాలమున వీరభద్రవిజయమును రచించిన పోతన యొక్క బమ్మెరయు ఆ చేరువనే యున్నది. తన తండ్రి విష్ణురామిదేవు డనియు, తల్లి శ్రియాదేవి యనియు సోమనాథుడు బసవపురాణమున చెప్పుకొనెను. తన్ను వీరమాహేశ్వరాచార వ్రతునిగా పేర్కొనెను. కరస్థలి విశ్వనాథయ్య కరుణకు తాను పాత్రుడైతి నని వినయముతో తెలిపెను.

సోమనాథుని విద్య అసామాన్యమైనది. సంస్కృతమున సోమనాథభాష్యమును రచించి భస్మ రుద్రాక్ష లింగధారణములకును, పాదోదక ప్రసాదములకును వేదస్మృతిపురాణముల నుండి ప్రమాణములను కూర్చెను. చతుర్వేదసారమున నాలుగు వేదముల సారము శివభక్తియే యని సీసపద్యములలో నిరూపించెను. అనుభవసారము, చెన్నమల్లు సీసములు, బసవరగడ, బసవోదాహరణము మొదలగు కృతులను వెలయించెను. బసవేశ్వరుని ముమ్మారు పిలుచు మకుటముతో వృషాధిపశతకమును చెప్పెను. తెనుగున సమగ్రమైన తొలి శతక మిదియే యని అనేకు లెన్నుదురు. తెనుగు, సంస్కృతము, కన్నడము, అరవము, మరాఠీ భాషల సొంపును ఆ శతకముననే చూపెను. చదువ దగిన దెల్లను చదివినవాడు, చదివినది మరువనివాడు సోమనాథుడు.

ఇట్టి పాండిత్యము గలవానికి ఆ కాలమున రాజాస్థానము దూరము కాదు. కావ్యమును రాజునకు అంకితమిచ్చి అగ్రహారము పొందుట కవులకు పరిపాటి. సోమనాథుడు ఆ దారిని త్రొక్కలేదు. ఏ రాజునకును తన కృతి నీయలేదు. చదువు ఆయనకు జీవనోపాధి కాలేదు, వాదమున ఎదుటివానిని ఓడించు ఆయుధముగా మాత్రమే నిలిచిపోనులేదు. తన తొలి కృతులలో ఒకదానికి అనుభవసారమని పేరిడుటలోనే ఆయన హృదయము తెలియుచున్నది. పఠనము అనుభవముగా పరిణమింపవలెను. లేనియెడల అది మోయువానికి బరువు మాత్రమే యగును.

ఆ అనుభవమును పండించిన క్షేత్రము శ్రీశైలము. నల్లమల అడవుల నడుమ మల్లికార్జునుడు వెలసిన ఆ గిరికి దిగువ కృష్ణానది పాతాళగంగ యను పేర ప్రవహించుచున్నది. వీరశైవులకు ఆ కొండ తల్లిగారి యిల్లు వంటిది. అక్కమహాదేవి సర్వమును విడిచి చెన్నమల్లికార్జునుని వెదకుచు వచ్చిన దచటికే. అల్లమప్రభువు పాదములు సోకిన కదళీవనము అచటనే యున్నదని పెద్దలు చెప్పుదురు. సోమనాథునకు ఆ కొండ రాళ్లును చెట్లును గల ప్రదేశము కాదు. అచట ప్రతి శిల లింగము, ప్రతి నీరు తీర్థము. తదనంతరము ఆయన రచించిన పండితారాధ్య చరిత్రలో కడపటి భాగమునకు పర్వత ప్రకరణ మనియే పేరు. అందు శ్రీగిరి మహిమ, అచటి తీర్థములు, వృక్షములు, సిద్ధుల నెలవులు ఎంత ప్రీతితో వర్ణింపబడినవో చదివినవారికి తెలియును. ప్రకృతిని శివుని శరీరముగా చూచినవాడు గాని అట్లు వర్ణింపలేడు.

కాని సోమనాథుడు ఆ కొండపై ఒంటరిగా మిగిలిపోలేదు. ఇదియే ఆయన జీవితమున కీలకమైన ఘట్టము. శ్రీశైల మల్లికార్జునుని సన్నిధిని భక్తులు గోష్ఠి జరుపుచుండిరి. పురాతన భక్తుల కథలు, బసవేశ్వరుని లీలలు వారు తలంచుకొని పరవశు లగుచుండిరి. ఆ గోష్ఠియే సోమనాథుని బసవేశ్వర చరిత్రము రచింపు మని ఆదేశించెను. గొబ్బూరి సంగనామాత్యుడు ఆ పనికి ప్రోత్సాహకుడై కృతిని స్వీకరించెను. అనగా బసవపురాణము ఒక పండితుని ఏకాంత సంకల్పము గాదు. అది సంఘము కోరగా సంఘము కొరకు పుట్టిన గ్రంథము.

గ్రంథమునకు ఆధారమును సంఘమే యిచ్చెను. బసవేశ్వరుని కథకు సోమనాథుని చేతిలో ప్రాచీన ప్రమాణ గ్రంథము లేదు. పురాతన భక్తుల పాటల భావమే తనకు మూల మని ఆయన తెలిపెను. వేదములకు భాష్యము వ్రాయగలిగినవాడు పాడుకొను జనుల ముందు కూర్చుండి వినెను. చదువుటకు నేర్పు కావలెను, వినుటకు వినయము కావలెను. ఈ రెండును ఒక్కచోట చేరుట వలననే ఏడు ఆశ్వాసముల బసవపురాణము సిద్ధించెను.

అందలి భక్తులను ఒకమారు స్మరింపవలెను. కుమ్మరి గుండయ్య కుండలు చేసి జీవించువాడు. కుండను వాయించుచు భక్తితో ఆడగా, ఆ తాళమునకు శివుడే వచ్చి ఆడెను. మాదర చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోయువాడు. అతడు రహస్యముగా సమర్పించిన అంబలిని స్వీకరించిన శివుడు ఆనాడు రాజు పెట్టిన నైవేద్యమును ముట్టడాయెను. రాజు ఆ చెన్నయ్యను వెదకుకొని వచ్చి అతని పాదములపై పడెను. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియై పెంచెను. గొడగూచి యను చిన్న బాలిక శివుడు పాలు త్రాగలేదని ఏడ్చి తల పగులగొట్టుకొన బోగా స్వామి ప్రత్యక్షమై త్రాగెను. పిట్టవ్వ కొరకు ఆయన కూలివాడై మన్ను మోసెను. మడివాలు మాచయ్య బట్టలుతుకువాడు. మేదర కేతయ్య వెదురు పని చేయువాడు.

వీరిలో చదువరులెందరు? కొండగుహలలో తపస్సు చేసినవారెందరు? వారి తపస్సు వారి పనియే. వారి శాస్త్రము వారి ప్రేమయే. కాయకమును పూజగా భావించి, సంపాదనను దాసోహమున వినియోగింపు మని బసవేశ్వరుడు బోధించిన ధర్మము ఈ కథలలో మనుష్యరూపము దాల్చినది. కులము, వృత్తి, స్త్రీపురుష భేదము శివుని ముంగిట లెక్కకు రావని సోమనాథుడు సూత్రముగా చెప్పి యూరకొనలేదు. కుండ చప్పుడు వినిపించి, అంబలి రుచి చూపించి, పాలగిన్నె పట్టుకొన్న పసిబిడ్డ కన్నీరు చూపించి మన హృదయమున నాటెను.

ఈ కథలను ఏ భాషలో, ఏ ఛందస్సులో చెప్పవలెను? ఇది సోమనాథుని ముందున్న పెద్ద ప్రశ్న. నన్నయ కాలము నుండి తెనుగు కావ్యమునకు గౌరవము తెచ్చునది గద్యపద్యములు కలసిన చంపూ రచన. సంస్కృత సమాసములు దానికి అలంకారము. అట్లు వ్రాయుటకు సోమనాథునకు శక్తి లేకపోలేదు. కాని కుమ్మరి గుండయ్య కథను కుమ్మరి యింట వినువారికి అర్థము కాని భాషలో చెప్పిన ప్రయోజన మేమి? కావున ఆయన జనులు పాడుకొను ద్విపదను ఎన్నుకొనెను. అచ్చమైన జాను తెనుగును ఎన్నుకొనెను. ద్విపదలో ఒక మహాకావ్యమును నిర్మించుటకు తెనుగున దారి తీసినవాడు ఆయనయే. తెనుగు ద్విపద యని చిన్నచూపు చూడక వేదములతో సమానముగా భావింపు డని ధైర్యముగా పలికెను. వేదము చదువనివాడు ఆ మాట చెప్పిన లోకము నవ్వియుండెడిది. వేదము చదివినవాడు చెప్పుటచేతనే దానికి విలువ.

ఆ నిర్ణయమునకు ఆయన మూల్యము చెల్లింపవలసి వచ్చెను. తరువాతి కాలపు వీరశైవ కవి పిడపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణమున ఒక వృత్తాంతమును చెప్పియున్నాడు. ఓరుగంటిలో ప్రతాపరుద్ర మహారాజు దేవాలయమునకు వచ్చినపుడు భక్తులు ఒకచోట గుమిగూడి బసవపురాణమును వినుచుండిరట. అది యేమని రాజు ప్రశ్నించెను. పరివారమున నున్న ఒక బ్రాహ్మణుడు, అది ఇటీవల పాలకురికి సోమనాథుడు వ్రాసిన ద్విపద యనియు, ప్రమాణ గ్రంథము కాదనియు తేలిక చేసి పలికెను. రాజు వినకయే వెడలిపోయెను. భక్తులు చిన్నబోయిరి. ఈ వార్త చెవినిబడగా సోమనాథుడు శిష్యులతో కదలి వచ్చె నని ఆ కథ కొనసాగును.

ఇందు గమనింప దగినది యొకటి గలదు. రాజు తిరస్కరించె నని భక్తులు గ్రంథమును మూసివేయలేదు. సంస్కృత ప్రమాణములు కూర్చగల కవియు, ఇకమీదట రాజులు మెచ్చు ఫక్కిలో వ్రాసెద నని మనసు మార్చుకొనలేదు. బసవపురాణము తరువాత చేపట్టిన పండితారాధ్య చరిత్రను గూడ ఆయన ద్విపదలోనే రచించెను. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణము లని ఐదు భాగములు గల ఆ బృహద్గ్రంథము ఆయన పట్టుదలకు సాక్ష్యము.

ఆ గ్రంథ నాయకుడు మల్లికార్జున పండితారాధ్యుడు. శివతత్త్వసారమును రచించిన మహాపండితు డాయన. కల్యాణమున బసవేశ్వరుని మహిమ విని, దర్శింపవలె నని బయలుదేరి, మార్గమధ్యముననే బసవేశ్వరుడు లింగైక్యుడైన వార్త విని దుఃఖించి, శ్రీశైలమునకు తరలి వెళ్లెను. ఒకరినొకరు కన్నులార చూడకయే ఒకరిపై నొకరికి గల అనురాగము ఆ కథకు ప్రాణము. పండితుడు పుస్తకములతో తృప్తి చెందలేదు, భక్తుని దర్శనమును కోరెను. అది లభింపనపుడు కొండను ఆశ్రయించెను. సోమనాథుడు ఈ చరిత్రను ఎన్నుకొనుటలో తన జీవిత మార్గమునే చూచుకొనెనా యనిపించును.

పర్వత ప్రకరణమున గిరియు గోష్ఠియు ఒక్కటి యగుట చూడవచ్చును. శివరాత్రి యాత్రకు జనులు తండోపతండములుగా శ్రీశైలము నెక్కుచుందురు. దారి కష్టమైనది. నడువలేనివారును నడచుచుందురు. వారి నోట పాటలు వెలువడుచుండును. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని సోమనాథుడు వాటి పేర్లను భక్తితో నమోదు చేసెను. ఆటలను, నాట్యములను, బొమ్మలాటలను గూడ విడువలేదు. నేడు తెనుగు జానపద కళల చరిత్రను వ్రాయువారికి ఈ గ్రంథము లేక గతిలేదు. ఆయన ఉద్దేశము చరిత్ర వ్రాయుట కాదు. కొండ ఎంత పవిత్రమో, దానిని పాడుచు నెక్కువాని కంఠస్వరమును అంత పవిత్ర మని ఆయన నమ్మెను. ఏకాంతముగా కొండ నెక్కినవానికి శివుడు దొరకును. పదిమందితో పాడుచు నెక్కినవానికి శివుడును, శివుని పరివారమును దొరకును.

సోమనాథుని రచనలలో పరమతములపై కఠినమైన మాటలు, కఠినమైన సంఘటనలు లేవని చెప్పుట సత్యము కాదు. అది మతముల మధ్య తీవ్రమైన వాదములు చెలరేగిన కాలము. వీరవ్రతమున ఆవేశము పాలెక్కువ. ఆ ఘట్టములను ఆ కాలమునకు విడిచి, అందలి సమతను, ప్రేమను, త్యాగమును మన కాలమునకు గ్రహించుట వివేకవంతుల ధర్మము. బసవేశ్వరుడు బోధించిన దయ ఆ వివేకమునకు మార్గదర్శి.

జీవితాంతమున సోమనాథుడు కన్నడదేశమున శివైక్యము నొందె నని సంప్రదాయము. ఆయన గ్రంథములును ఆ దేశమునకు నడచెను. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున షట్పదిలో అనువదించెను. బసవేశ్వరుడు మాటలాడిన భాషలోనికి ఆయన చరిత్ర తెనుగు నుండి పయనించుట తెనుగు వీరశైవులకు గర్వకారణము. తెనుగుదేశమున మాత్రము పండితులు చిరకాలము ఆ ద్విపదకు తగిన స్థానము నీయలేదు. భక్తుల యిండ్లలోను మఠములలోను తాటాకుల మీద అది జీవించెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో ఆంధ్రగ్రంథమాల బసవపురాణమును ప్రకటించెను. 1939లో చిలుకూరి నారాయణరావు సంపాదకత్వమున పండితారాధ్య చరిత్ర వెలువడెను. వీరశైవ వాఙ్మయమునకు జీవితము ధారపోసిన బండారు తమ్మయ్య వంటి పండితులు సోమనాథుని ఘనతను లోకమునకు చాటిరి. 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోగైర్ కూర్చిన ఆంగ్లానువాదము అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి వెలువడెను. ఒకనాడు రాజు వినకయే వెడలిపోయిన గ్రంథము నేడు ఖండాంతరములలో పఠింపబడుచున్నది. రాజ్యము పోయినది, కోట శిథిలమైనది, కుండ తాళము మిగిలినది.

ఈ చరిత్ర మనకు బోధించున దేమి? నేడు బసవపురాణము ముద్రణలో సులభముగా లభించుచున్నది. కాని అనేక గృహములలో అది పూజామందిరమున పసుపుకుంకుమలతో భద్రముగా నుండును గాని విప్పి చదువువారు తక్కువ. సోమనాథుడు దానిని పూజింపబడుటకు వ్రాయలేదు. ఒకరు చదువగా పదిమంది వినుటకు వ్రాసెను. ద్విపద కంటితో చూచుటకు కాక గొంతెత్తి పలుకుటకు పుట్టినది. సోమవారము సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఇంటి పెద్ద ఒక్క కథ చదివి, పిల్లలు వినినచో చాలును. గొడగూచి కథ విన్న బిడ్డ దానిని జన్మలో మరువదు. మాదర చెన్నయ్య కథ విన్న యువకుడు తన వాకిట నిలిచిన శ్రామికుని కులమడుగుటకు సిగ్గుపడును.

అట్లే ఉగాదికి కన్నడదేశమునుండి, మహారాష్ట్రమునుండి వేలాది భక్తులు కావళ్లు, జెండాలు ధరించి నల్లమల దారిని నడచి శ్రీశైలమునకు వచ్చుట నేటికిని చూచుచున్నాము. సోమనాథుడు వర్ణించిన యాత్ర ఇంకను ఆగిపోలేదు. వాహనముల వసతి గల వారును జీవితమున ఒకమారైన కొంత దారి వారితో నడచి చూడవలెను. దప్పిగొన్నవానికి దోసెడు నీళ్లిచ్చుటలో, అలసిన వృద్ధుని మూట అందుకొనుటలో అర్థమగు దాసోహము ఉపన్యాసములచే అర్థము కాదు.

పురాతన భక్తుల భక్తి, పూసలలోని దారమువలె, బసవేశ్వరుని చరిత్రయందు వ్యాపించి యున్నదని సోమనాథుని భావము. పూసలు కంటికి కనిపించును, దారము కనిపించదు. దారము తెగిన నాడు పూసలు మిగులును గాని మాల మిగులదు. మన మఠములు, మన కుటుంబములు, మన పండుగలు పూసల వంటివి. వాటిని కలిపి యుంచు భక్తి సూత్రమును తెగనీయక కాపాడుకొనుటయే పాలకురికి సోమనాథునకు మన మర్పింపగల నిజమైన నివాళి.